గేటు నుంచి పన్నెండు అంగలు

నాచారంలో రిటైరైన పంచాయతీ కార్యదర్శి జనార్ధనరావు ఇల్లు, శనివారం మధ్యాహ్నం. ఎదురు కుర్చీలో శామ్యూల్, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు.

"చాయ్ చల్లారుతుంది, తాగు ముందు."

"తాగుత సార్. కాగితం సంగతి చెప్పుండ్రి."

"ఏ కాగితం?"

"గదే సార్. ఈదులబావిల మా సమాధుల జాగా, సమాధుల జాగానే అని రాసున్న కాగితం. వచ్చినకాడికెల్లి గదే అడుగుతున్న."

"నేను దిగిపోయి ఆరేండ్లాయె శామ్యూల్. నా దగ్గర ఏముంటయ్ కాగితాలు? ఆఫీసుల అడుగు."

"అడిగిన. కంప్యూటర్ల సూసిన్రు. ఖాళీ స్థలం అని వస్తుందట. పార్కు కడ్తరట. సమాధులున్నయ్ కదా సారూ అంటే, రికార్డుల లేవు అన్నడు ఆఫీసర్."

"రికార్డు ఎట్లుంటది చెప్పు. పంచాయతీ ఉండె, తీసుకపోయి మున్సిపాలిటీల కలిపిన్రు. అది కార్పొరేషన్ అయింది. ఆ బోర్డు మీద రంగు ఆరకముందే మొత్తం గ్రేటర్ల కలిపిన్రు. కలిపినప్పుడల్లా బీరువాలు మారినయ్, తాళాలు మారినయ్. కాగితాలన్నీ ట్రాలీ ఆటోల మీద పోయినయ్. వానకు తడిసినయో, చెదలే పట్టినయో."

"మొదటి ఆటో ఎక్కించింది మీరే కదా సార్."

"అవును. నేనే."

"ఏమేం అప్పజెప్తున్నరో ఆ జాబితా సుత మీరే రాసిన్రు. ఆఫీసుల నాకు సూపెట్టిన్రు. మీ దస్తూరి నేను గుర్తు పడ్త. మా ఇంటామె లూర్దమ్మ మరణ సర్టిఫికెట్ మీద గదే దస్తూరి."

"ఏముంది అండ్ల?"

"బోరింగులు పదకొండు. వీధి దీపాలు. కుర్చీలు ఆరు, అండ్ల రెండు విరిగినయ్ అని కూడా రాసిన్రు. మా జాగ కాడికి వచ్చి ఖాళీ స్థలం అన్నరు. విరిగిన కుర్చీలు యాదికున్నయ్, మేం యాదికి లేమా సార్?"

"యాదికి లేక కాదు. మీ మంచికే రాసిన."

"మంచికా?"

"చుట్టూ కాలనీల వాళ్లు అర్జీ పెట్టిన్రు. ఇండ్ల నడుమ సమాధులేంది, తీసెయ్యాలె అని. నేను సమాధులని రాస్తే కొత్త ఆఫీసర్ ఆ అర్జీ పట్టుకుంటడు. ఖాళీ స్థలం అంటే ఎవరి కన్నూ పడదు అనుకున్న."

"పడ్డది సార్."

"పడ్డది. ఫ్యాన్ గాలి తగుల్తుందా? జర ఇటు జరుగు."

"తగుల్తుంది. సోమారం పొద్దున పదింటికి జేసీబీ వస్తది. మావోళ్లు లొల్లి చేస్తే ఒక్కటి ఒప్పుకున్నరు. ఎవరి సమాధి వాళ్ల ముందటనే తవ్వి, ఎముకలు తీసి చేతికిస్తరట. నారపల్లి అవతల ఇంకో కాడ పెట్టుకోవాలె."

"మర్యాదగనే చేస్తున్నరు కదా. ఒప్పుకో."

"నేను ఒప్పుకోను. పంచాయతీ తీర్మానం ఒక్కటి సూపెట్టు, పని ఆపుత అన్నడు ఆఫీసర్. మంచోడే."

"సోమవారం నీ బిడ్డ వస్తదా?"

"గ్రేసీ రాకుంట ఉంటదా? దవాఖానల లీవ్ పెట్టింది. తెల్లగుడ్డ కొన్నది. అంచుకు లేసు తనే కుట్టింది. అమ్మను అండ్ల చుడ్తదట."

"పాపను తీసుకపోకు."

"ఎందుకు సార్?"

"తట్టుకోలేదు. ఎముకలు చూసుడంటే మాటలా?"

"నర్సు సార్ అది. లూర్దమ్మ పోయిన్నాడు దానికి పదో తరగతి పరీక్షలు. హాస్టల్ల ఉండె. పరీక్ష పాడైతదని నేనే కబురు చెయ్యలే. నాలుగో రోజు వచ్చింది, మట్టి కూడ వెయ్యలే. ఇప్పుడన్న అమ్మను ముట్టుకుంట నాన్నా అంటది."

"వద్దు శామ్యూల్. నా మాట విను."

"గదే, ఎందుకు అంటున్న."

"నీళ్లు తెస్త ఆగు."

"నీళ్లొద్దు. మీరు కూసోండ్రి సార్. మీ ఇంటామె తారామణమ్మ పోయిన్నాడు సుత గిట్లనే ఇల్లంత తిరిగిన్రు. నేనే కూసోబెట్టిన."

"యాదికుంది. నా తోడబుట్టినోళ్లు బస్సుకు టైమైందని లేచిపోయిన్రు. నువ్వు పొద్దుగూకేదాక ఉన్నవ్."

"ఇయ్యాల సుత ఉంట."

"పుస్తకం ఉంది."

"ఏం పుస్తకం?"

"తీర్మానాల పుస్తకం. అప్పగించిన్నాడు పన్ను రిజిస్టర్లే అడిగిన్రు, దీన్ని ఎవ్వరూ అడగలే. బీరువాల పెట్టుకున్న. సర్వే నంబరుతోని సహా సమాధుల జాగా అని పాత తీర్మానం ఉంది అండ్ల."

"ఇన్నేండ్ల సంది ఈ ఇంట్లనే ఉన్నదా?"

"ఈ ఇంట్లనే."

"ఏటా క్రిస్మస్‌కు నేను కేకు తెస్తుంటి."

"ఆ బీరువా మీదనే పెట్టేది తారామణి, నీ కేకు."

"మరి ఇందాక లేదంటిరి."

"అదే పుస్తకంల ఆఖరి తీర్మానం ఇంకోటుంది. మోరీ తీర్మానం, మురికినీళ్ల పైపులది."

"మోరీకీ దీనికీ ఏంది?"

"ఊరు మున్సిపాలిటీల కలుస్తుందని ఆర్డర్ వచ్చింది. ఇరవై రోజులే టైం. పంచాయతీ ఖాతాల ఉన్నది వాళ్లకు పోతది, పోకముందే మన పని మనం చేసుకుందాం అన్నడు సర్పంచ్. నేను రాసిన, సంతకం పెట్టిన. పైపులు దిగినయ్. మీ సమాధుల గోడ బయట నుంచి పోవాలె. బండ తగిలింది. బండ కొట్టే టైం లేదని లోపలి నుంచి తీసుకపోయిన్రు. గేటు వైపు మొదటి రెండు వరుసలు..."

"చెప్పుండ్రి."

"పధ్నాలుగు రాళ్లు. తీసి వెనక వరుసల పాతించిన. రాళ్లే జరిపినం శామ్యూల్. మనుషులను జరపలే. జాబితాల సమాధులని రాస్తే కొలవనీకి వస్తరు, వరుసలు లెక్కపెడ్తరు. అందుకే ఖాళీ స్థలం అన్న. అర్జీ పెట్టింది నిజమే. కానీ నేను రాసింది అందుకు కాదు."

"ఊఁ."

"లూర్దమ్మ ఆ రాయి కింద లేదు. పైపు కింద ఉందో, ఎత్తిపోసిన మట్టిల ఎటు పోయిందో నాకు తెల్వదు. తిట్టు నన్ను. ఏదో ఒకటి అను."

"గేటు నుంచి పన్నెండు అంగలు సార్."

"ఏంది?"

"పాతిపెట్టిన్నాడు లెక్కపెట్టిన. ముప్పై ఏండ్లు పట్టాల మీద నడిచినోన్ని, లెక్కలేకుంట నాకు అడుగు పడదు. మరుసటేడు సమాధుల పండుగకు మొంబత్తి పట్టుకొని పోతే, అదే రాయి ముప్పై నాలుగో అంగ కాడున్నది."

"అంటే నీకు తెలుసా?"

"అప్పటి సంది తెల్సు. గ్రేసీ రాయి కాడ మోకరిస్తది. నేను ఫోనొచ్చిందని వెనుకకొచ్చి పన్నెండో అంగ కాడ నిలబడ్త. మోరీ మూత ఉంటది ఆడ."

"తెలిసే కేకులు తెచ్చినవా నాకు?"

"సర్టిఫికెట్‌కు తిరిగిన్నాడు కుర్చీ ఏసి కూసోమన్నది మీరొక్కరే సార్."

"పుస్తకం తీసుకపో. రెండు తీర్మానాలూ చూపెట్టు, నన్ను ఏమన్న చేసుకోనీ. కానీ శామ్యూల్, ఆమె ఆడ లేదని తెలిసి, ఆ రాయిని తవ్వొద్దని ఎవరి కోసం తిరుగుతున్నవ్?"

"తవ్వితే ఉత్త మట్టి వస్తది సార్. నా బిడ్డ ఆడ తెల్లగుడ్డ పరుచుకొని కూసుంటది."