ఆరో నంబరు మంచం

పెద్దావిడ తలుపు తీయగానే, వచ్చిన నర్సు గడప బయట చెప్పులు విడిచింది.

"రా సిస్టరమ్మా! అలా చిక్కిపోయావేం? నర్సువై ఉండి నువ్వే పేషెంటులా ఉన్నావు!"

"పేషెంటునేనమ్మా. మత్తుమందు అలవాటైంది. మానేసి ఏడాదైంది."

"నువ్వా? ఆరో నంబరు మంచం మీద మా ఆయన్ని ఆఖర్న చూసుకున్నది నువ్వేగా?"

"అందుకే వచ్చాను. నొప్పి తగ్గడానికి ఆయనకివ్వాల్సిన ఇంజెక్షన్ నేను పొడుచుకున్నాను. ఆయనకు మూడు రోజులూ ఉత్త నీళ్ళే ఎక్కించాను. ఆస్పత్రిలో ఒప్పుకున్నాను, ఉద్యోగం పోయింది. మీ దగ్గర దాచి బతికితే మళ్ళీ అందులోనే పడతాను."

పెద్దావిడ గోడ పట్టుకుని కూర్చుంది.

"మందిచ్చినా అరుస్తున్నాడని నేను కసిరాను. 'చాలించండి నాటకాలు, పక్క మంచాలవాళ్ళు నవ్వుతున్నారు' అన్నాను. పోయేముందు ఏమన్నాడో తెలుసా? 'అరిచి నీ పరువు తీశాను, ఏమనుకోకే' అన్నాడు."

నర్సు చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "వెళ్తానమ్మా."

"ఎక్కడికి? కూర్చో. మా అబ్బాయి పిల్లల్ని తీసుకుని వచ్చే వేళైంది. తాత ఆస్పత్రిలో ఎలా కేకలు పెట్టాడో చేసి చూపించి వాళ్ళను నవ్విస్తుంటాడు. నేను చెబితే వాడు నమ్మడు. నువ్వే చెప్పాలి."

నర్సు చెప్పులు విడిచి కూర్చుంది.

కాసేపటికి మెట్ల మీద పిల్లల కేరింతలు వినిపించాయి. వాటి వెనకే కొడుకు గొంతు, అచ్చం ఆయనలాగే.

"సిస్టరో... సిస్టర్! మందు పనిచేయట్లేదు సిస్టర్!"

"వస్తున్నానండీ" అంటూ నర్సు లేచి నిలబడింది.