కాంక్రీటు బండికి అడ్డంగా

హలో… ఆ, నేనే. నేను కాక ఈ నడిరోడ్డు మీద ఇంకెవరు కూర్చుంటార్రా? ఫోను చెవికి బాగా ఆనించుకో. ఒక్క మాట కూడా జారిపోకూడదు.

…

ఆ, మీ అమ్మనే. బండి అద్దంలోంచి కనబడటం లేదూ? కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది నేను, నువ్వు కాదు.

ముందు ఆ హారన్ మీంచి చెయ్యి తియ్. కన్నతల్లికి హారన్ కొడతావా? … చూడలేదా? ఇంత లావు మనిషిని ఎలా చూడలేదురా!

— లేవను.

లేవనన్నానా? నువ్వే దిగి రా.

… ఓహో! బండి దిగితే ఉద్యోగం పోతుందా. అమ్మతో మాట్లాడాలన్నా ఆ పరదేశీ దొరల సెలవు కావాలన్నమాట. నాలుగడుగుల దూరంలో కూర్చుని తల్లికి ఫోన్ చేసే కొడుకుని నిన్నొక్కణ్ణే చూశాను.

ఏం చెప్పావు నాకు? ఆసుపత్రి కడుతున్నారు, దానికి కాంక్రీటు తోలుతున్నానన్నావు. ఇదేనా ఆసుపత్రి? ముళ్ళకంచె, కుక్కలు, తుపాకులు పట్టుకున్న పరాయి సిపాయిలు… ఏ రోగానికిరా ఇక్కడ మందు?

… ఆఁ? నా వంతు నిన్న కదా అనా?

అవును, నిన్నే. ఈ పరాయి సైన్యం స్థావరం మాకొద్దని గేటు ముందు కూర్చోవడానికి వీధి ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. నా వంతు నిన్న. అది తెలిసే నిన్న సెలవు పెట్టి, ఆ డ్యూటీ ఇవాళ్టికి మార్చుకున్నావు, నాకు ఎదురుపడకూడదని.

— మరి ఇవాళ ఎందుకొచ్చానా? నాకూ తెలుసు కాబట్టి! పాలావిడ నిన్ను ఈ బండిలో చూసి, రోజు విడిచి రోజు వస్తావని, నిన్న నీ రోజేనని నా చెవిన వేసింది. నీ ఎదుట కూర్చోవడానికి మనసొప్పక, టైలరమ్మని బతిమాలి వంతు మార్చుకున్నాను. నన్ను తప్పించుకోవాలని నువ్వు, నిన్ను తప్పించుకోవాలని నేను… ఇద్దరం చక్కగా ఇక్కడే తగలడ్డాం!

నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

… రక్షణా? ఎవరికిరా రక్షణ? కొండ మీద రాడారు, పక్కన మిస్సైళ్ళు. పైనుంచి వచ్చేవాటిని గాల్లోనే పేల్చేస్తాయట. మన నెత్తిన గొడుగట! పుట్టినప్పట్నుంచీ ఈ కొండ కిందే ఉన్నాను. గడ్డి కోశాను, పుల్లలేరాను, నిన్ను చంకనేసుకుని మేకల వెనక తిరిగాను. ఇన్నేళ్ళలో మన మీద ఒక్కడైనా బాంబు వేశాడా? మనమంటూ ఉన్నామనే ఎవడికీ తెలీదు! ఇప్పుడు తెలుస్తుంది. వీళ్ళకీ వీళ్ళ పగవాళ్ళకీ చెడితే మొట్టమొదట కొట్టేది ఈ రాడారునే. పిడుగుని పేరు పెట్టి పిలిచే గొడుగురా ఇది!

…

నువ్వు కాకపోతే ఇంకొకడు తోలతాడా? తోలనీ. వాడి ముందు వాడి అమ్మ కూర్చుంటుంది.

… పిల్ల చదువు కోసమా? దాని పేరెత్తకు! బడిలో దానికేం నేర్పుతున్నారో ఎప్పుడైనా అడిగావా? సైరన్ మోగగానే బల్ల కింద దూరి తల దాచుకోవడం. మొన్న ఉరిమితే నీ కూతురు మంచం కింద దూరింది. ఎంత పిలిచినా రాదే! అన్నం కంచం అక్కడికే తోశాను. “నాన్నమ్మా, నువ్వూ రా” అంది. ఈ మోకాళ్ళతో నేనెక్కడ దూరను?

… తెలీదా? ఎలా తెలుస్తుంది, నువ్వు ఆసుపత్రి కడుతున్నావుగా!

…

సరే, సరే. ముక్కు తుడుచుకో.

అదిగో, పోలీసమ్మలు వచ్చేస్తున్నారు. … ఆగండమ్మా, నా కొడుకుతో మాట్లాడుతున్నాను. … ఆ బండిలో ఉన్నవాడే. … ఆ, సొంత కొడుకే!

ఒరేయ్, అటు చూస్తావేంటి? ఇటు చూడు. వీళ్ళు నన్ను ఎత్తుకెళ్తారు, నీకు దారి దొరుకుతుంది, లోపలికి తోలుకెళ్తావు. తోలు. కానీ నన్ను చూస్తూ తోలు.

…

ఏమిటిది? చప్పుడు ఆగిందే… డ్రమ్ము తిరగడం లేదే!

— నువ్వే ఆపావా?

తిరక్కపోతే లోపల కాంక్రీటంతా రాయైపోతుంది కదరా. … తెలిసే ఆపావా?

…

నా తండ్రే…

ఏంటీ? సూపర్‌వైజరు అడిగితే డ్రమ్ము చెడిపోయిందని చెప్తావా? చంపేస్తాను! ఆడిన అబద్ధం చాలదూ? … పోతే పోనీరా ఉద్యోగం. నాకు మాత్రం భయం లేదనుకున్నావా?

— అబ్బ! మెల్లిగా పట్టుకోమ్మా, ఆ భుజం అసలే నొప్పి.

ఒరేయ్, విను. సాయంత్రం నేను రాకపోతే పిల్ల అడుగుతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నువ్వే చెప్పు. మనిద్దరం ఒకళ్ళకొకళ్ళం మొహం చాటేసిన సంగతి కూడా చెప్పు, దాచకు. అది బడిలో పిల్లలకి చెప్పాలి, వాళ్ళు వాళ్ళ అమ్మలకి చెప్పాలి. గుర్తుపెట్టుకో, బండి చెడిపోయిందని కాదు… ఇస్తానమ్మా ఫోను, లాక్కోకు… మా నాన్నే ఆపాడని చెప్ప—