ఇత్తడి పలక మీద మూడు

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులు. విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో, నలుగురూ చూస్తుండగా ఇత్తడి మీద చేత్తో బొమ్మలూ పేర్లూ చెక్కి చూపించే ఎల్లారావు స్టాలు. మధ్యాహ్నం. ఎదురుగా నిలబడ్డవాడు పోలిరాజు. ఎల్లారావు భార్యకు స్వయానా అన్న, గాజువాక దాటాక ఒక కాంట్రాక్టరు షెడ్డులో సూపర్‌వైజరు.

“నానడిగిందానికి జవాబు సెప్పు పోలిరాజూ. పాత పలక బాగానే ఉంది గదా. మళ్ళీ కొత్తదెందుకు?”

“అంకె మారింది బావా. అంకె ఒక్కటే. తక్కినయ్యన్నీ అచ్చు అలాగే ఉండాలి. అదే సైజు, అవే అచ్చరాలు, అదే లోతు.”

“ఏటిది, క్రేనుదా?”

“గొలుసు క్రేనుది. ఎంత బరువెత్తొచ్చో రాసి తగిలిత్తారు గదా, అది.”

“ఇక్కడ ఐదు టన్నులని ఉంది.”

“అక్కడ మూడు పెట్టు.”

“ఐదు తీసి మూడా?”

“ఆఁ.”

“ఎనిమిది పెట్టమనుంటే పొమ్మందును. బరువు పెంచి రాత్తే కిందున్నోళ్ళ పీకల మీదికొస్తాది. తగ్గించమంటన్నావు గాబట్టి...”

“తగ్గించడమే బావా. తగ్గిత్తే ఎవడికి నష్టం? రా, ఆ తెర ఎనక్కెళ్ళి మొదలెట్టు.”

“తెర ఎనకెందుకు? నన్నిక్కడ కూకోబెట్టింది నలుగురూ సూడ్డానికే. ఎనక్కెళ్ళి సెక్కితే ఎగ్జిబిషన్ కమిటీవోళ్ళు ఊరుకుంటారేటి?”

“సరే, సరే. ఇక్కడే. బేగి కానీ.”

“సొక్కా మీద ఏటది?”

“ఏది?”

“జేబు కింద. ఎర్రగా.”

“రెడ్ ఆక్సైడు. ఇనప గడ్డర్లకి రంగేత్తన్నారు.”

“కిరసనాయిలుంది, తుడుత్తానుండు.”

“ముట్టుకోకు! ...వొద్దు బావా. ఇంటికెళ్ళి ఉతికించుకుంటాను. నువ్వు పని సూడు.”

“అన్నం తిన్నావా?”

“తిన్నాను. లేదు. తింటాను. సాయంత్రం లోపల పలక అక్కడుండాలి బావా.”

“ఉంటాదిలే. ఇదిగో, కొత్తది కదలకుండా లక్క మీద అతికించేను. పాతది పక్కన పెట్టు, సూసి దించుతాను. మా తమ్ముడెలాగున్నాడు?”

“ఎవరు?”

“ఎవరంటాడేటి! మా అర్జునరావు. ఆ క్రేను నడిపేది ఆడే గదా.”

“ఆఁ. ఉన్నాడు. డ్యూటీలో ఉన్నాడు.”

“ఆ మధ్యొచ్చి ఇక్కడే కూకుని ఒకటే గోల. గొలుసు అరిగిపోయిందట, బరువు తగిలిత్తే కిర్రుమంటందట. నీతో సెప్పేనన్నాడు.”

“...సెప్పేడు.”

“కాంట్రాక్టరుతో అన్నావా మరి?”

“అన్నాను. అన్నాను బావా. అందుకే గదా ఇది. గొలుసు అరిగింది గాబట్టే ఐదు తీసి మూడు పెట్టమన్నారు. నీ తమ్ముడి మాటే ఇన్నారు.”

“అలగ ముందే సెప్పొద్దేటి! ఇంతసేపూ నానేటేటో అనుకున్నాను. నా మాట ఎవడింటాడన్నా అని ఆవేళ ఆడన్నాడు పాపం. తెలిత్తే ఎంత సంతోసపడతాడో! మంచి పని సేసేవు పోలిరాజూ. ఈ మూడు సూడు, ఎంత ముద్దుగా కూకోబెడతానో.”

“ఏటి నాయినా, ముసలోణ్ణి, కళ్ళానవు, ఎవరి పేరు సెక్కుతన్నావు?”

“పేరు కాదు తాతా, క్రేను బోర్డు. మూడు టన్నులు మించి ఎత్తకూడదని.”

“ఆయనకెందుకు సెప్తావు బావా! తాతా, జరుగు, జరుగు. గాలాడనియ్యి.”

“ఊరుకో పోలిరాజూ. సూత్తే అరిగిపోద్దా? నిలబడు తాతా, బాగా సూడు. ఉలి ఇలగ వాల్చి తోయాలి. అంకె వొంపు తిరిగినకాడ సెయ్యి తిప్పకూడదు, పలకనే తిప్పాలి. అదిగో, సూసేవా?”

“ఎంత సేపు బావా?”

“అయిపోయింది. సూసుకో. పాతదానికీ దీనికీ తేడా ఏటన్నా ఉంటే సెప్పు.”

“మెరుత్తంది.”

“కొత్త ఇత్తడి మెరవదా మరి?”

“మెరవకూడదు. పాతదాన్లాగ నల్లబడాలి. మసీ నూనే కలిపి రుద్దు. ఆ మూలలు కొద్దిగా గీకు.”

“కొన్నాళ్ళయితే అదే నల్లబడతాది. ఇప్పుడేటి తొందర?”

“సాయంత్రం ఆఫీసరొస్తన్నాడు. ఫ్యాక్టరీలు తనిఖీ సేసే ఆఫీసరు.”

“వొస్తే? గొలుసు అరిగింది, జాగర్త కోసం ఇయ్యాలే అంకె తగ్గించేమని సెప్పు. మెచ్చుకుంటాడు. మంచి పని సేసి దాసుకోడమేటి?”

“నీకు తెలీదు బావా. మా సెల్లి మొగం సూసయినా రుద్దు.”

“గౌరి మొగమెందుకు మధ్యలో?”

“రుద్దు బావా!”

“అరవకు. జనం సూత్తన్నారు. ...ఇదిగో. నువ్వడిగిన మసి. నా సేతి పనికి ఇలగ మసి పూయడం ఇదే మొదలు. పాతది ఇక్కడుంచీ, స్టాల్లో పెట్టి జనానికి సూపిత్తాను.”

“పాతది ఇలగిచ్చీ!”

“లాక్కుంటావేటి?”

“ఇచ్చీ బావా. ఈ పలక మాట ఎవరితోనూ అనకు. గౌరితో కూడా. నీకే మంచిది.”

“నాకే మంచిదంటే ఏటి? పోలిరాజూ! ఇలగ సూడు. నా కళ్ళల్లోకి సూసి సెప్పు.”

“జీపు ఆగుంది బావా. ఎల్తాను.”

“పోలిరాజూ! ఒరే, ఆగు! ...అర్జునరావుని ఆదివారం అన్నానికి రమ్మన్నానని సెప్పు!”

జీపు వెళ్ళిపోయింది. ఎంతోసేపు కాలేదు, ఎల్లారావు భార్య గౌరీశ్వరి జనాన్ని తోసుకుంటూ స్టాల్లోకి వచ్చింది.

“మావా! లే మావా! స్టాలు కట్టీ!”

“ఏటయింది? సెప్పుల్లేకుండా వొచ్చేవేటి?”

“మన అర్జునరావుని పోలీసులు పట్టుకెళ్ళేరు.”

“అర్జునరావునా? ఆడు డ్యూటీలో ఉన్నాడని ఇందాకే...”

“పొద్దున్న క్రేను గొలుసు తెగిపోయిందట. గడ్డరు కిందపడిపోయింది. దాని కింద, మనోడితో పనిసేసే తవిటయ్య... ఓలమ్మో, తవిటయ్య, మావా! మొన్న మనింట్లో సేపల పులుసు రెండోసారి ఏయించుకుని తిన్నాడు గదా, ఆ తవిటయ్య. ఇంక లేడు.”

“పొద్దున్నా?”

“డ్యూటీ ఎక్కిన కాసేపటికేనట. నాను టేసనుకెళ్ళే వొస్తన్నాను. మనోడి వొంటినిండా నెత్తురే. తవిటయ్యని గడ్డరు కిందనించి ఆడూ, మా అన్నయ్యా కలిసి లాగేరట.”

“మీ అన్న కూడానా?”

“ఆఁ. మనోడిదే తప్పంటన్నారు మావా. మూడు టన్నుల గొలుసుకి నాలుగు టన్నుల గడ్డరు తగిలించేడట.”

“మూడని ఎవరన్నారు?”

“కాంట్రాక్టరు. బోర్డు మీదే రాసుందట, సాయంత్రం ఆఫీసరొచ్చి కళ్ళారా సూత్తాడట. మనోడు ఐదు, ఐదు అని అరుత్తన్నాడు. గొలుసు అరిగిందని సెప్పేను బాబూ అని మొత్తుకుంటన్నాడు. ఎవడూ ఇనడం లేదు. బోర్డు మీద మూడుంటే జైలేనట.”

“మూడుంటే జైలా?”

“ఉలి వొదిలీ! సెయ్యి కోసుకుపోతంది, సూడు!”

“ఆఫీసరొచ్చేసేడా?”

“ఇంకా లేదంటన్నారు. అన్నయ్య ఎక్కడా కనబళ్ళేదు. ఆడు దొరికితే సాలు. సూపర్‌వైజరు గదా, బోర్డు మీద ఏటుందో ఆడికి తెలీదేటి? మనోడి తరపున ఆడొక్క మాట సెప్తే...”

“సెప్పడు గౌరీ.”

“ఏల సెప్పడు? నా తోడబుట్టినోడు! ముందు ఆణ్ణెతుకుదాం, పద.”

“ఆణ్ణెతకొద్దు. టేసనుకే పద. ఆ మూడు ఇందాక ఇక్కడ కూకుని సెక్కింది నాను. సెక్కించుకుని పట్టుకెళ్ళింది మీ అన్న.”