పంతొమ్మిది వందల ఎనిమిది

ఏదీ, కాలేజీవాళ్ళు నీకు ప్రైజుగా ఇచ్చిన పుస్తకం ఇలా చూపించు. జపాన్ చరిత్రా? రాసింది ఎవరూ... మా హెడ్డా! ఛీ, తీసెయ్యవే నా కళ్ళ ముందునుంచి. నవ్వకు. మీ అమ్మమ్మ ఆ డిపార్ట్‌మెంటులో పద్దెనిమిదేళ్ళు టైపిస్టు, ఊరికే అనట్లేదు. ఇది మా జపాన్ మాస్టారి పుస్తకం. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నా కడుపు మండుతూనే ఉంది.

ఎవరంటే ఏం చెప్పను! బక్కపలచని మనిషి, మోచేతుల దగ్గర చిరిగిన కోటు. ఆ దేశం మొహం ఎన్నడూ చూడలేదు. పాత పేపర్లు తెప్పించుకుని, భూతద్దం పెట్టి, ఆ లిపి తనంతట తానే నేర్చుకున్నారు. ఆయన చెప్పే జపాన్ చరిత్ర క్లాసులో ఇద్దరే పిల్లలు. "జపాన్ మాస్టారూ, మాకో రేడియో తెప్పించండి" అని స్టాఫ్ రూములో ఒకటే వేళాకోళం. ఆయన నవ్వేసి, మెట్ల కింద గదిలోకి పోయి రాసుకునేవారు. పదకొండేళ్ళు రాశారే! నేనే టైపు చేశా. బియ్యం ధర మండిపోతుంటే అక్కడి జాలరి ఆడవాళ్ళు బస్తాలు ఓడ ఎక్కనివ్వలేదట. ఆ అధ్యాయం కొడుతూ ఏడ్చేశా కూడా. ఆ ఏడుపులోనే కాబోలు, 1918లో రెండో ఒకటి బదులు సున్నా కొట్టా. తర్వాత మాస్టారు చూసుకుని, "అమ్మా, అక్కడ చక్రవర్తి మారితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఈ బియ్యం గొడవ అప్పటి చక్రవర్తి ఏడో ఏడు. నువ్వు కొట్టిన సంవత్సరానికి ఈయన గద్దె ఎక్కనే లేదు" అని నవ్వారు. తన కాపీలో దిద్దుకున్నారు. రెండో కాపీ అప్పటికే హెడ్డు చదివి ఇస్తానని పట్టుకెళ్ళాడు. "తిరిగొచ్చాక దిద్దుదాంలే" అన్నారు, పిచ్చిమారాజు.

ఎక్కడొస్తుంది! ఏడాదికల్లా అట్టేసుకుని బజార్లోకొచ్చింది, ఆ దొంగ వెధవ పేరుతో. తియ్యి, జాలరి ఆడవాళ్ళ అధ్యాయం. ఏ సంవత్సరం ఉంది? పైకి చదువు. ఆఁ... విన్నావా? అది నా వేలు జారిన తప్పే! ఆ దేశం లెక్క తెలిసినవాడైతే పట్టుకోడూ? మక్కీకి మక్కీ దింపాడు.

ఆ ఏడే మాస్టారి ప్రమోషన్ ఇంటర్వ్యూ. టేబులుకి అవతల అదే హెడ్డు. గొంతు సవరించుకుని, "ఇన్నేళ్ళ సర్వీసులో మీ పుస్తకం ఒక్కటైనా ఉందా మాస్టారూ?" అంటాడే! సిగ్గుండక్కర్లా? మాస్టారు నావైపు చూశారు. మూల కూర్చుని అన్నీ రాసుకుంటున్నది నేనే మరి. ఆయనకి సాక్ష్యమంటూ ఉంటే నేనొక్కదాన్నే. నాది టెంపరరీ ఉద్యోగం, మీ అమ్మ అప్పటికి చంటిది. తల దించుకుని రాసుకుంటూ పోయానే. "లేదండీ" అన్నారాయన. రిపోర్టులో "పుస్తకాలు: లేవు" అని నేనే టైపు చేశా. ఆ ముక్క మాత్రం ఒక్క తప్పు లేకుండా కొట్టా.

ఆ ఫ్యాను కాస్త తగ్గించవే.