సర్వర్ వస్తనే అయితది

ఏంది బిడ్డా, మొకం గట్ల వెట్టినవ్? సర్వర్ పడిపోయిందా? పోనీ తియ్ సిరీషా, నా పింఛన్ ఏడికి వోతది, ఫోన్ పక్కకు వెట్టి కూసో. సర్వర్ పడిపోయిందంటె నాకు తారాచంద్ యాదికొస్తడు. నీకు ఎరుక లేదు, నువ్వు చిన్నగున్నప్పుడే పోయిండు. తండా మనిషి. మన బాన్సువాడ బస్టాండ్ కాడ హరనాథబాబు హోటల్ల సర్వర్‌గ చేసెటోడు, నేనేమొ గల్లా మీద కూసునేది. హరనాథబాబోళ్లు ఆంధ్ర దిక్కు నుంచి వచ్చినోళ్లు, మంచోడే గని నోరు ఊకుండది. ఇగ పిట్లం బస్సు లేటయిందంటె హోటల్ నిండుతుండె, ఒకటే లొల్లి. 'ఓ సర్వర్, ఇడ్లీ ఏమాయె', 'సర్వర్, నీళ్లు', డోంగ్లి దిక్కోళ్లయితె 'చహా ఆణ్ రే', చాయ్ తేరా అని మరాఠీల. వాని పేరు తారాచంద్ అని నాకు, వాని పెండ్లాం సోమ్లికి తప్ప ఇంకెవ్వరికి తెల్వదనుకో. ఎవరు సర్వర్ అన్నా 'వచ్చిన, వచ్చిన' అని ఉరుకుతుండె. ఒకపారి తడి బండల మీద జారిపడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. హరనాథబాబు లోపల్నుంచి, 'గ్లాసులేమన్నా పగిలాయేంటయ్యా?' అనడిగిండు. నాకు నవ్వాగలే. వాడు గూడ కింద పడే నవ్విండు.

ఆఁ, ఏం చెప్తున్న? గా కంప్యూటర్ ముచ్చట. వాని బిడ్డ గీతకు నర్సు చదువుల సీటొచ్చింది. ఆదాయం కాయితం ఆన్‌లైన్‌ల ఎక్కియ్యాలె, ఆఖరి దినం, ఎక్కకుంటె సీటు వేరేటోళ్లకు పోతది. పిల్ల భయపడి తండ్రిని, నన్ను ఎంటవెట్టుకోని పోయింది. బస్టాండ్ ఎనుక రవికుమార్ అని ఒకాయన కంప్యూటర్ దుకాణం నడుపుతుండె. లోపల నిలవడ జాగ లేదు. ఆయన తల ఎత్తకుండనే, 'సర్వర్ రావాలె కాకా, సర్వర్ వస్తనే అయితది' అన్నడు. ఇగ మనోడు భుజం మీది తువ్వాల సర్దుకోని ముంగటికి వోయి, 'వచ్చిన గద సార్, ఏం గావాలె?' అన్నడు.

నవ్వు, నవ్వు. దుకాణమంత గట్లనే నవ్వింది. రవికుమార్ పాపం మంచిగనే చెప్పిండు, నువ్వు గాదు కాకా, హైదరాబాద్‌ల ఇంకో సర్వర్ ఉంటది, పొద్దుగాల్లసంది పడిపోయింది అని. మనోడు నవ్వలే. 'పడిపోయిండా? దెబ్బలేమన్న తాకినయా?' అనడిగిండు. మల్ల, అందరికి ఆయనొక్కడేనా అన్నడు. ఒక్కటే అని రవికుమార్ అనంగనే నా దిక్కు జూసి, 'ఇన్నవా సమ్మన్నా, అన్ని ఊర్లకు ఒక్కడేనంట' అని పానమంత గుంజుకున్నట్టు చేసిండు. ఇగ అక్కడున్నోళ్లు ఊకుంటరా? దిక్కుమాలిన సర్వర్ అని ఒకరు, దీని మొకం మన్నువడ అని ఒకరు. పట్వారి లెక్క సంచి వట్టుకున్న ఒకాయనయితె నోరిప్పితె బూతే. తారాచంద్ చేతులు జోడించి, జర ఆగుండ్రి సార్, తిడితె గాబరయితడు, చేసెటిది గూడ చెయ్యలేడు అని ఒక్కొక్కరిని బతిమిలాడుతుండు. నాకు సిగ్గయి బయటికొచ్చి బీడీ ముట్టిచ్చిన.

పొద్దు గూకింది. జనం పల్సవడ్డరు. రవికుమార్ ఇగ దుకాణం బంద్ జేస్త అనెవరకు గీత గోడకు మొకం వెట్టి ఏడుస్తుంది. గా పిల్ల చదువు కోసమే వాడు అన్నేండ్లు ఎంగిలి ప్లేట్లు తీసిండు బిడ్డా, గది నాకెరుక. తారాచంద్ పోయి కంప్యూటర్ ముంగట నిలవడ్డడు. తెర మీద గుండ్రంగ ఒక చక్రం తిరుగుతుండె. దానికి వంగి, మెల్లగ అన్నడు, 'అన్నా, నేను గూడ సర్వర్‌నే. అలిసి యాష్టకొచ్చినవని తెలుసు. గీ ఒక్క పిల్లది జూసి పో.' గప్పుడు ఎవ్వరు నవ్వలే. రవికుమార్ గూడ మల్ల కూసున్నడు. జరసేపటికి, యాడ బాగు జేసిండ్రొ ఏమొ, చక్రం ఆగి పేజీ తెరుసుకున్నది. గీత కాయితం ఎక్కింది. మనోడు కంప్యూటర్‌కు దండం వెట్టి, ఇగ పోయి పండుకోమని చెప్పొచ్చిండు.

గీత నర్సయి నౌకరి ఎక్కినంక, ఒకదినం నా ముంగటనే తండ్రిని కూసోవెట్టి చెప్పింది. 'బాపూ, సర్వర్ అంటె మనిషి గాదు, మిషిన్. గా ముచ్చట ఇగ యాడ చెప్పకు, నవ్వుతరు.' 'మిషినా?' అన్నడు వాడు. 'గంతమంది అన్ని మాటలంటె తిరిగి ఒక్కమాట మర్లవడకపాయె గదనే. మనిషే అనుకున్న.'

ఇగ... గా తలుపు జర దగ్గరికెయ్ బిడ్డా, కండ్లల్ల దుమ్ము వడుతుంది.