అత్తయ్య చేతి కేకు

పండగ ముందు రోజు మధ్యాహ్నం కోడలు ఓవెన్‌లోంచి తీసిన కేకును బల్ల మీద పెట్టింది. పుట్టింటికొచ్చిన ఆడపడుచు ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“ఎడమ పక్క మాడింది. అమ్మ కేకు ఎప్పుడూ మాడేది కాదు.”

“ఈ ఓవెన్ అంతే వదినా. మధ్యలో గిన్నె తిప్పాలి. తిప్పే వేళకి మీ సామాను మేడెక్కిస్తున్నా.”

“అయినా అమ్మ చేతి రుచి ఎక్కడొస్తుందిలే. పోయిన పండక్కి తను పంపిన కేకులో ఒక్క ముక్క ఇంకా ఫ్రీజర్‌లో దాచుకున్నాను, తెలుసా?”

“పోయిన పండక్కి అత్తయ్యకి చెంచా పట్టుకుంటేనే చెయ్యి వణికేది. అన్నం నేనే తినిపించాను.”

“అంత బాధలోనూ నాకోసం చేసింది చూడు. అదీ అమ్మంటే!”

“అత్తయ్య కుర్చీలో కూర్చుని, డబ్బా మీద మీ పేరు రాయమన్నారు. నాలుగేళ్లుగా ఆవిడ చేసింది అంతే.”

“మరి కేకు?”

“‘నువ్వు చేశావంటే అది ముట్టుకోదు, నేనే చేశానని చెప్పు’ అన్నారు. అలాగే చెప్పాను.”

“అమ్మ పోయి ఏడాదైనా కాలేదు. అప్పుడే ఆవిడ చేతి మంచి కూడా నీ ఖాతాలో వేసుకుంటున్నావా?”

“లేదు వదినా. అది మీ అమ్మ కేకే అనుకోండి. కానీ ఆ ముక్క జాగ్రత్తగా దాచుకోండి. ఈ ఇంట్లో అలాంటిది ఇకమీదట ఎవరూ చెయ్యరు.”