చీనా చెంబుకి వెండి తీగ

పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిది. పెద్దల అమావాస్య దగ్గరపడింది. తెనాలి బజారు వెనక సందులో, కంచుపని వీరాస్వామి కొట్టు. చెంబు బాగుచేయించుకుందామని రేపల్లె బండి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చిన పోలమ్మకి, ముసలాయన అడిగే ప్రశ్నలు ఒక్కటీ నచ్చడం లేదు.

"తోమావా? దేంతో తోమావమ్మా?"

"చింతపండుతో బాబాయ్. కంచు చెంబుని ఇంకా దేంతో తోముతాం?"

"రోజూనా?"

"రోజూ. ఆయనొచ్చేసరికి మెరవాలి కదా."

"అయ్యో, ఇది తోమే చెంబు కాదే తల్లీ. ఇటు చూడు. కంచులో సన్నగా గాడి తొలిచి, అందులో వెండి తీగ కూర్చి, సుత్తితో అదిమాడు మహానుభావుడు. ఈ వెండి పిట్ట బొమ్మ తోకే సాగి సాగి మబ్బైపోయింది చూశావా? ఇదిగో, నువ్వు తోమిన చోట తీగ ఊడింది."

"మళ్ళీ పెట్టలేరా?"

"పెడతాలే. ముందు ఎక్కడిదో చెప్పు."

"చీనాదంట. మా ఆయన ఓడలో కళాసీగా ఉన్నప్పుడు, సింగపూరులో నీళ్ళలో పడ్డ పిల్లాణ్ణి బయటికి లాగాడు. ఆ పిల్లాడి తాత ఇచ్చాడు. ఎప్పటి రాజులదో అన్నాడంట."

"ఈ మూడు కాళ్ళేంటి?"

"కింద నిప్పు పెట్టి సారా వెచ్చజేయడానికంట."

"మీ ఆయన దీంతో తాగేవాడా?"

"ఒక్క చుక్క పోయనిచ్చేవాడు కాదు. 'ఇది మనం తాగేది కాదే పోలీ, చీనావోళ్ళు పోయిన పెద్దలకి పోసేది' అనేవాడు."

"మరి ఇప్పుడెందుకు..."

"మా అత్త అడుగుతోంది. అమావాస్యకి కావాలంట."

"ఎవరికి పెట్టడానికి?"

"మీరు తీగ సంగతి చూడండి బాబాయ్."

"మీ ఆయన ఎక్కడమ్మా?"

"సముద్రం మీదికి వేటకెళ్ళాడు."

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్నంటే?"

"కార్తీకంలో."

"ఈ యేడు కార్తీకం ఇంకా రాందే..."

"పోయినేడు. గాలివాన రోజు."

"అమ్మా..."

"అలా చూడకండి. పడవ చెక్కైనా దొరకలేదు. దొరికితే గదా పోయాడనుకోడానికి! ఎవరి పిల్లాణ్ణో నీళ్ళలోంచి లాగినోడికి ఈత రాదా? మా అత్తేమో, 'నా కొడుకు ఆకలితో తిరుగుతున్నాడే, పెద్దల్లో కలిపి పెట్టేద్దామే' అంటుంది. చెరపను, బొట్టు చెరపనని అరిచాను. ఆయన్ని కన్నతల్లిని తిట్టాను కూడా. ఆవిడ కిందపడి నా కాళ్ళు పట్టుకుంది బాబాయ్."

"ఊరుకో తల్లీ, ఊరుకో. చెంబు ఇలా ఉండనీ. అమావాస్యకి ఇంట్లో గ్లాసుతో పోయండి."

"లేదండి. ఆయన ప్రాణంగా దాచుకున్న చెంబు. ఈ బోసి గాడితో పోస్తే, పోలి నన్ను పట్టించుకోలేదనుకుంటాడు. బాగుచేయండి."

"చేస్తాను. కానీ కొట్లో అంతా కంచూ ఇత్తడే. వెండి కోసం బజారుకెళ్ళి..."

"బజారెందుకు? వెండి నా దగ్గరుంది. కాస్త అటు తిరగండి బాబాయ్, మెట్టెలు తీసిస్తాను."